నైనీ సాయిల్ సైన్స్ మాస్టారు గుంటూరు వచ్చేస్తున్నారు, పాత విద్యార్థులు ఇటు రండి

పెదకాకాని పిల్లోడు:

అందరికీ నమస్కారం. అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) పక్కన నైనీలో వ్యవసాయం చదివిన మన గుంటూరు, బెజవాడ వాళ్లు ఈ వేదికలో నాకు తెలిసే కొందరున్నారు, తెలియకుండా ఇంకా ఉండే ఉంటారు. మనకి సాయిల్ సైన్స్ చెప్పిన తెలుగు సార్ గుర్తున్నారుగా? పేరు రాయను, ఆయనకి ఇలాంటివి గిట్టవు. మాస్టారు అంటే చాలు, చదివినవాళ్లకి తెలిసిపోతుంది. ఉద్యోగమంతా అక్కడే చేశారు. రిటైరయ్యాక కూడా పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ కొన్నేళ్లు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని గుంటూరులో కూతురింటికి వచ్చేస్తున్నారు.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం సభ పెట్టుకుందాం, చిన్న పుస్తకం కూడా వేద్దాం అనుకుంటున్నాం. ఫోన్ చేసి ఈ సంగతి చెబితే ఆయన సంతోషించకపోగా గట్టిగా క్లాసు పీకారు. పొగడ్తలు అచ్చేసి కాగితం దండగ చెయ్యొద్దట. వేస్తే రైతు చేతిలో పెట్టడానికి పనికొచ్చేది వెయ్యమన్నారు. కాబట్టి ఎవరికి ఆయన చెప్పిన పాఠం ఏది గుర్తుందో, అది ఎక్కడ పనికొచ్చిందో రాయండి. పొగడ్తలు సభలో మైకు ముందు కానిద్దాం, అప్పుడు ఆపలేరుగా.

బెజవాడ బిందు:

అన్నా, నేనున్నా. మా బ్యాచ్‌లో బెజవాడ నుంచి అమ్మాయిలం ఇద్దరమే. సంఘమిత్ర ఎక్కితే బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ, జబల్పూర్ అంటూ ఎక్కడెక్కడో తిరిగేది. అమ్మ కట్టిచ్చిన పులిహోర అయిపోయేది గానీ ఊరు వచ్చేది కాదు. హాస్టల్లో ఆ రొట్టెలు చూసి మొదట్లో ఏడుపే. మాస్టారి క్వార్టర్స్ పెరట్లో అమ్మగారు గోంగూర వేసేవారు. ఆదివారం తెలుగు పిల్లలందరికీ అక్కడే భోజనం. తిన్నాక మాత్రం ఊరికే పంపేవారు కాదు, ఆ గోంగూర మడిలోనే ఏదో ఒక ప్రశ్న అడిగేవారు. పాత ఆకు పచ్చబడితే ఏ పోషకం, లేత ఆకు పచ్చబడితే ఏది అని.

ఇక పాఠం అంటే నాకు మొదటి ప్రాక్టికలే గుర్తొస్తుంది. చేతికి పార, గుడ్డ సంచీ ఇచ్చి ఫారంలోకి వెళ్లి మట్టి తెమ్మన్నారు. ఎలా తేవాలో చెప్పలేదు. ఎండ మాడ్చేస్తోంది. అందరం గట్టు పక్కన చెట్టు నీడలో చేరి హాయిగా గోక్కుని తెచ్చాం. మాస్టారు ఒక్కో సంచీ విప్పడం, మట్టి వేళ్ల మధ్య నలపడం, ఇది చెట్టు కింద ఆకు కుళ్లింది, ఇది గట్టుది, ఇది పెంటకుప్ప దగ్గరది, మరి పొలం ఏదమ్మా అని అడగడం. తరగతంతా నేల చూపులు.

అప్పుడు తీసుకెళ్లి తనే తీసి చూపించారు. మడి అంతా వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఆగాలి. పైన చెత్త గీకెయ్యాలి. వి ఆకారంలో గుంట తీసి, ఒక పక్క అంచు నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి పలక కోయాలి. వరి, మినుము లాంటి పైర్లకి ఆరంగుళాల లోతు చాలు, నిమ్మ, మామిడి తోటలకైతే ఇంకా కిందికి వెళ్లాలి. అదంతా గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండూ పారెయ్యాలి. మిగిలింది మళ్లీ కలపాలి, మళ్లీ పారెయ్యాలి, అరకిలో మిగిలేదాకా. ఆరబెట్టేది నీడలోనే. ఎరువు వేసిన వెంటనే మట్టి తీస్తే ఆ రిపోర్టు ఎరువు బస్తాది అవుతుంది, నేలది కాదు అనేవారు.

నేను ఇప్పుడు వ్యవసాయ శాఖలో ఉన్నా. భూసార కార్డుల పని పడ్డప్పుడల్లా చూస్తుంటా, చాలాచోట్ల రోడ్డు వారగా ఉన్న మొదటి మడిలోనే మట్టి తీసి ఊరంతటికీ సరిపెట్టేస్తారు. కార్డు మీద అంకెలు ముచ్చటగా ఉంటాయి. దేనికి?

బాపట్ల బుల్లోడు:

ఏందమ్మా ఈ గోల. ఇంటి పక్కన బాపట్ల కాలేజీ 1945 నుంచి ఉంది. మీరంతా పొద్దున లేచి తినే సాంబమసూరి, అదే బీపీటీ 5204, 1986లో మా బాపట్ల నుంచే రైతు చేతికి వచ్చింది. ఇది వదిలేసి యమున ఒడ్డుకి పోయి రొట్టెలు తినాల్సిన కర్మ ఏం పట్టింది మీకు?

పెదకాకాని పిల్లోడు:

సీటొస్తే బాపట్లే చదివేవాణ్ణి బాబాయ్. నా ర్యాంకు చూసి మా నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. నైనీ వాళ్లు చేర్చుకున్నారు, వెళ్లా.

లాం రోడ్డు:

పిల్లలూ, మీ మాస్టారు నాకు బాగా తెలుసు. నేను గుంటూరు పక్కన లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పనిచేసే రోజుల్లో వేసవి సెలవులకి తెనాలి పక్క వాళ్ల ఊరు వచ్చినప్పుడల్లా లాం వచ్చేవారు. మేం ఏసీ గదుల్లో సెమినార్లు పెట్టుకుంటుంటే ఆయన మినుము ప్లాట్ల దగ్గర కూలీలతో కబుర్లు చెబుతూ కనిపించేవారు. లాంలో తయారైన ఎల్‌బీజీ మినుము రకాల గింజలు అక్కడ రైతులకి చూపించడానికి పట్టుకెళ్తే, ఇక్కడ వరి మాగాణిలో దున్నకుండా మినుము చల్లి పండిస్తారంటే నైనీ పిల్లలు నమ్మేవారు కాదట. మన కృష్ణా డెల్టాలో అది మామూలు సంగతి. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు తడి ఉండగానే విత్తనం చల్లేస్తాం, ఆ మిగిలిన పదును, మంచు మీదనే పైరు గట్టెక్కుతుంది.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ఆ కాలేజీ ఎలా పుట్టిందో కొంచెం తెలియాలి. చెప్తా వినండి, ఓపిక లేనివాళ్లు కిందికి జారండి.

శామ్ హిగిన్‌బాటమ్ అని ఒకాయన. 1874లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టాడు. అమెరికా వెళ్లి, ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ తీసుకుని, 1903లో ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ మిషన్ తరఫున అలహాబాద్ వచ్చాడు. అక్కడి క్రైస్తవ కళాశాలలో ఆయనకి అప్పగించిన సబ్జెక్టు ఎకనామిక్స్. వ్యవసాయం కాదు, చూడండి. పుస్తకంలో పేదరికం గురించి పాఠం చెప్పడం, కిటికీలోంచి చూస్తే ఆ పేదరికమే కనిపించడం. కారణాలు వెతుక్కుంటూ పల్లెలకి పోతే అన్నీ తిరిగి తిరిగి నేల దగ్గరికే వచ్చాయి. తనకేమో వ్యవసాయం రాదు. మిషన్ వాళ్లని ఒప్పించి, సెలవు మీద అమెరికా వెళ్లి, ముప్పై అయిదేళ్లు దాటిన వయసులో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కుర్రాళ్ల పక్కన కూర్చుని వ్యవసాయ డిగ్రీ చదివాడు. చందాలు పోగుచేసుకుని తిరిగొచ్చాడు. 1910లో మొదలైన ఆ సంస్థే అలహాబాద్ అగ్రికల్చరల్ ఇన్‌స్టిట్యూట్. 2000లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, 2009లో ఆయన పేరు పెట్టారు, 2016లో రాష్ట్ర చట్టంతో పూర్తి యూనివర్సిటీ అయింది.

మొదట తీసుకున్నది సుమారు 275 ఎకరాలు. మంచి నేల కాదు. రెల్లు పట్టిపోయి, యమున వైపు వాగులు కోసేసిన నేల. రెల్లు సంగతి మన రైతులకి చెప్పనక్కర్లేదు, పైన ఎన్నిసార్లు కోసినా వేరు కింద నవ్వుతూ ఉంటుంది. మండు వేసవిలో లోతుగా దున్ని, బెడ్డలు తిరగేసి, ఆ వేళ్లని ఎండకి మాడ్చి బాగుచేశారు. అక్కడి రైతులు వాన పడితే గానీ నాగలి కట్టేవారు కాదు, బక్క ఎడ్లు గట్టి నేలని లాగలేవు కదా. దానికే 1921లో మేసన్ వా అనే ఇంజినీరు వచ్చి, మన ఎడ్లు లాగగలిగే తేలికపాటి ఇనుప నాగళ్లు చేయించాడు. షాబాష్, వావా అని వాటి పేర్లు. ఆయన పెట్టిన విభాగంలోనే 1942లో వ్యవసాయ ఇంజినీరింగ్ డిగ్రీ మొదలైంది, మన దేశంలో అదే మొదటిది.

మీ మాస్టారు వేసవి దుక్కి గురించి అంత పట్టుదలగా ఎందుకు మాట్లాడతారో ఇప్పుడు తెలిసిందా?

నల్లరేగడి రైతు:

లాం రోడ్డు గారూ, చదవడానికి బాగుంది. కానీ ఒక మాట అడుగుతా, ఏమనుకోకండి. మిషనరీ అన్నాక వచ్చింది మతం కోసమేగా? నాగలి చూపించి మనిషిని లాక్కోవడమేగా? దీనికి పుస్తకాలు, సభలు ఎందుకు?

లాం రోడ్డు:

అనుకోవడానికేముంది, అడగాల్సిన ప్రశ్నే. మతం కోసం వచ్చాడా అంటే వచ్చాడు, ఆయన ఎప్పుడూ దాచలేదు. 1939లో అమెరికా ప్రెస్బిటేరియన్ చర్చికి మోడరేటర్‌గా, అంటే మహాసభకి అధ్యక్షుడిగా ఎన్నికయినవాడు. కానీ తమాషా ఏమిటంటే, దున్నడం విత్తడం మిషనరీ పనేనా అని ఆయన్ని గట్టిగా నిలదీసింది కూడా సొంత మనుషులే. ఇటు చూస్తే, 1934లో గాంధీగారు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు సలహాదారుల్లో రవీంద్రనాథ్ ఠాగూర్, జగదీశ్ చంద్ర బోస్, సి.వి. రామన్‌తో పాటు ఈయన్నీ వేసుకున్నారు. మత మార్పిడి మీద గాంధీగారి అభిప్రాయం ఏమిటో మీకు తెలిసిందే. అయినా పిలిచారు. గ్వాలియర్ మహారాజు కూడా తన సంస్థానానికి వ్యవసాయ సలహా చెప్పమని పెట్టుకున్నాడు. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకున్నారని నా లెక్క.

బెజవాడ బిందు:

నల్లరేగడి గారూ, మా ఇంట్లో శ్రావణ శుక్రవారాలు, కార్తీక సోమవారాలు తప్పనివాళ్లం. పొద్దున చాపెల్ గంట మోగేది, వెళ్లేవాళ్లు వెళ్లేవారు. మాస్టారు వెళ్లేవారు. నన్ను ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని అడగలేదు. ప్రాక్టికల్ రికార్డు ఎందుకు రాయలేదని మాత్రం ఏడిపించేవారు.

నల్లరేగడి రైతు:

సరే అమ్మా. నా అనుమానం నాకుంటుంది. కానీ రెల్లు సంగతి నిజం, మా చెరువు కింద పొలంలో నేనూ అట్టాగే వదిలించుకున్నా.

లాం రోడ్డు:

ఇంకో మాట చెప్పాలని మనసులో ఉండిపోయింది. ఇది మీ మాస్టారూ నేనూ ఒక వేసవిలో లాం చింతచెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నదే, ఆయన ఎత్తి చూపిన పోలిక.

మన నిడుబ్రోలు రంగాగారు ఉన్నారుగా, ఆచార్య ఎన్.జి. రంగా. 1900లో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో పాఠాలు చెప్పారు. ఏం పాఠాలు? ఎకనామిక్సే. ఆ పాఠాల్లోంచి లేచి పల్లెకి వచ్చి రైతు సంఘాలు కట్టి, నిడుబ్రోలులో రైతులకి విద్యాలయం పెట్టారు. 1964లో పెట్టిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడున్నది ఆయన పేరే. అక్కడ నైనీలో ఎకనామిక్స్ మాస్టారు, ఇక్కడ నిడుబ్రోలులో ఎకనామిక్స్ మాస్టారు, రెండు యూనివర్సిటీల మీదా వీళ్ల పేర్లే. ఇద్దరూ ఒకే దారి పట్టలేదు లెండి. ఒకాయన నేలలో, నాగట్లో, గడ్డి పాతరలో వెతికాడు. ఇంకొకాయన శిస్తులో, అప్పులో, జమీందారులో వెతికాడు. మీ మాస్టారు ఏమనేవారంటే, మొదటాయన దగ్గర రంగాగారి రాజకీయం లేదు, అందుకే నాగళ్లు మంచివి తయారయ్యాయి గానీ వాటిని కొనే డబ్బు రైతు దగ్గర ఎందుకు లేదో ఆయన పూర్తిగా పట్టుకోలేదని. సొంత సంస్థ స్థాపకుడి గురించి ఇంత సూటిగా మాట్లాడే ప్రొఫెసర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

బాపట్ల బుల్లోడు:

ఇది బాగుంది. మా రంగాగారిని లాగారు కాబట్టి ఇక నేను గొడవ పెట్టను.

కృష్ణలంక కుర్రాడు:

అందరి మాటలూ చదివా. నేను పీహెచ్‌డీ చేస్తున్నా. మాస్టారి పేరు మా గైడ్‌ని అడిగి కనుక్కుని వెతికా. పేపర్లు చాలా తక్కువ. పేరున్న జర్నళ్లలో అసలే లేవు. డీన్ అవలేదు, పెద్ద ప్రాజెక్టులేమీ కనపడలేదు. ఇప్పుడైతే ఇలాంటి ప్రొఫైలుకి ప్రొఫెసర్ పోస్టు వచ్చేది కాదు. గొప్ప టీచరే కావచ్చు, కాదనను. కానీ కెరీర్ అంటే ఇదేనా అని సందేహం.

బెజవాడ బిందు:

తమ్ముడూ, ఆయన చేతి కింద చదివి ఇవాళ పొలాల్లో పనిచేస్తున్నవాళ్ల లెక్క ఏ జర్నల్లో వేస్తారో చెప్పు, వెతుకుదాం.

కృష్ణలంక కుర్రాడు:

అక్కా, కోప్పడకండి. నేనడిగేది వేరే. అంత తెలిసిన మనిషి రాసిపెట్టి ఉంటే మాలాంటివాళ్లకి ఇవాళ దొరికేది కదా. ఇప్పుడు మీకు గుర్తున్నంతే మాకు మిగులుతుంది.

లాం రోడ్డు:

కుర్రాడు అన్నదాంట్లో నిజం ఉంది బిందమ్మా. నేనూ ఆయనతో ఈ విషయం మీద పోట్లాడా. ప్రయోగాలు చేసి నోటు పుస్తకాల్లో పెట్టుకుని ఊరుకునేవారు. వచ్చే ఏడు ఇంకోసారి చేసి చూద్దాం అనేవారు, ఆ వచ్చే ఏడు వచ్చేది కాదు. అది గొప్పతనం అని నేననను. డీన్ పదవి మాత్రం ఇస్తామన్నా వద్దన్నారని విన్నా. ఫైళ్ల పని మీద ఆయనకి భలే చిరాకు.

మిర్చియార్డు మావయ్య:

నేను చదువుకున్నవాణ్ణి కాదు, మీ నైనీ ఎక్కడుందో కూడా తెలియదు. కానీ ఆ సారు నాకు తెలుసు. తెల్లదోమ ఏడు సంగతి చెబుతా.

మా గుంటూరు, ప్రకాశం వైపు పత్తి అంటే అప్పట్లో బంగారం. 84, 85లో తెల్లదోమ వచ్చింది. ఆకు మీద తేనెలాంటి జిగురు, దాని మీద నల్లటి మసి, పత్తి కూడా నల్లబడిపోయేది. ఒకటి కొడితే తగ్గలేదని ఇంకోటి, అదీ చాలదని రెండు కలిపి. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ దోమ పెరిగింది తప్ప తగ్గలేదు. సారు సెలవులకి వాళ్ల బంధువుల ఊరు వచ్చి, మా చేలో దిగి, ఆకు తిరగేసి చూసి, మందు ఆపమన్నారు. నేను ఎగిరిపడ్డా. అప్పు తెచ్చి సాగు చేస్తుంటే మందు ఆపమంటాడేంది ఈయన అని. దోమని తినే పురుగుల్ని మనమే చంపుతున్నాం, దోమేమో ఆ మందుకి అలవాటు పడిపోయింది, నత్రజని ఎక్కువేసి ఆకుని లేతగా ఉంచి దానికి విందు పెడుతున్నాం అని వివరంగా చెప్పారు. నేను వినలేదు. మా పక్క చేను ముసలాయన సగం విన్నాడు. ఇద్దరికీ ఆ ఏడు నష్టమే వచ్చింది, అబద్ధం ఎందుకు. కాకపోతే ఆయన అప్పు తక్కువ.

తర్వాత 87లో పచ్చపురుగు వచ్చింది. ఆ ఏడు మావైపు ఎంతమంది ఇళ్లు చీకటైనాయో ఆ తరం వాళ్లకి తెలుసు. దాని గురించి రాయలేను.

మొన్న మిరపకి నల్ల తామరపురుగు వచ్చినప్పుడు, అదే 2021లో, మా అబ్బాయి సంచీ నిండా మందులు తెచ్చాడు. నేను ఒక్కటే అడిగా, ఇందులో ఏది దేనికి అని. చెప్పలేకపోయాడు. నీలి రంగు జిగురు అట్టలు తెప్పించి, మందు మార్చి మార్చి లెక్కగా కొట్టించా. పంట సగం పోయింది. పక్కవాళ్లకి మొత్తం పోయింది.

పెదకాకాని పిల్లోడు:

మావయ్యా, ఇది పుస్తకంలో వేస్తున్నాం. నువ్వు సభకి రావాల్సిందే. 'మాట వినని రైతు' అని పిలిచి మైకు ఇస్తా.

మిర్చియార్డు మావయ్య:

యార్డులో ఆదివారం సెలవేగా, వస్తా. మైకు వద్దు.

నిజాంపట్నం గాలి:

నాకు ఆయన పాఠం చౌడు భూముల మీద. మాది సముద్రం ఒడ్డు ఊరు, పుట్టినప్పటి నుంచి చౌడు చూస్తూనే ఉన్నా, కానీ అందులో రెండు రకాలుంటాయని నైనీ వెళ్లాకే తెలిసింది. పాలచౌడు అంటే పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, లవణాలు ఎక్కువ, ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 4 దాటి ఉంటుంది. కారుచౌడులో సోడియం మట్టి రేణువులకే అతుక్కుని ఉంటుంది, క్షార గుణం చెప్పే పీహెచ్ 8.5 దాటుతుంది. నీరు లోపలికి దిగదు, తడిస్తే జావ, ఎండితే రాయి. అలహాబాద్ చుట్టుపక్కల ఊసర భూములని రెండో రకం చాలా ఉన్నాయి, మాస్టారు మమ్మల్ని సైకిళ్ల మీద అక్కడికి తీసుకెళ్లేవారు.

మందు వేరువేరు. పాలచౌడుకి మంచినీరు కట్టి, ఉప్పుని కరిగించి, మురుగు కాలవలోంచి బయటికి పంపాలి. జిప్సం అక్కర్లేదు. కారుచౌడుకి జిప్సం కావాలి, అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, ఆ తర్వాత నీళ్లతో కడగాలి. జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే ఇంకా మంచిది, చౌడుని తట్టుకునే పచ్చిరొట్ట అదే. మా నాన్న పాలచౌడు నేలలో లారీ జిప్సం పోయించాడు, ఎవరో దుకాణంలో చెప్పారని. మురుగు పోయే దారే లేదు. మాస్టారికి ఉత్తరం రాస్తే కార్డు మీద ఒకే వాక్యం రాశారు, ముందు కాలవ తవ్వండి అని.

పెదకాకాని పిల్లోడు:

నాది ఎరువుల కొట్టు కాబట్టి నా వంతుగా జింకు సంగతి రాస్తా. వరి నాటిన రెండు మూడు వారాలకి ఆకు మీద తుప్పు రంగు మచ్చలు, పైరు ఎదగకుండా గిడసబారడం. ఉత్తరప్రదేశ్ తరాయిలో, అంటే హిమాలయాల కింది చిత్తడి నేలల్లో, దీన్ని ఖైరా అంటారు. తెగులనుకుని ఏవేవో కొట్టేవారు, జింకు లోపమని 1960ల్లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేల్చారు. మాస్టారు ఈ కథని క్లాసులో డిటెక్టివ్ కథలా చెప్పేవారు. మన డెల్టాలో వరి మీద వరి వేసే మాగాణుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తే సరిపోతుంది, పైరు మీద కనిపిస్తే లీటరుకి 2 గ్రాములు కలిపి వారం తేడాతో పిచికారీ చెయ్యాలి.

నేను ప్రతి కస్టమర్‌కీ చెప్పే మాట, డీఏపీలో కలిపి చల్లొద్దు. అందులో ఉండే భాస్వరంతో కలిస్తే జింకు పైరుకి అందకుండా పోతుంది. కూలి కలిసొస్తుందని ఒకే బేసిన్లో కలిపేస్తారు. నేను డీఏపీ అమ్మేవాణ్ణే, అయినా చెప్తున్నా. రిపోర్టులో భాస్వరం ఎక్కువున్న పొలానికి మళ్లీ మళ్లీ డీఏపీ అడిగితే ఒకసారి చెప్పి చూస్తా, వినకపోతే అమ్ముతా. ఇందుకు మాస్టారు నన్ను సభలో తిడతారేమో.

గుజ్జనగుండ్ల గృహిణి:

మధ్యలో అడ్డం వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి బీఎస్సీ అగ్రికల్చర్ అంటే ఇష్టం. బయటి రాష్ట్రంలో చదివితే ఇక్కడ ఉద్యోగాలకి పనికొస్తుందా?

బెజవాడ బిందు:

వదినగారూ, ఏ కాలేజీ అయినా ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా, అది ఏ ఏడాది దాకా ఉందో చేరేముందు మీరే చూసుకోండి, ఏజెంట్ల మాట వద్దు. మన దగ్గర నోటిఫికేషన్లలో ఏ అర్హత అడుగుతున్నారో పాతవి తీసి చదవండి. ఇంకోటి, ఫారం ఎంత ఉందో వెళ్లి చూడండి. నేల లేని వ్యవసాయ కాలేజీలు చాలా ఉన్నాయి.

బాపట్ల బుల్లోడు:

సీటొస్తే బాపట్ల పంపండమ్మా.

పెదకాకాని పిల్లోడు:

సరే, ఇప్పటిదాకా తేలింది ఇది. మట్టి తీసే పద్ధతి బిందు రాస్తుంది, బొమ్మలతో. చౌడు సంగతి నిజాంపట్నం తమ్ముడు. జింకు నేను. మావయ్య చెబితే తెల్లదోమ కథ నేను రాసుకుంటా. నైనీ చరిత్ర లాం రోడ్డు గారు రెండు పేజీల్లో ఇస్తే చాలు, ఆయనకి రెండు పేజీలు సరిపోవని తెలుసు. కృష్ణలంక తమ్ముడూ, మాస్టారి నోటు పుస్తకాలు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయట, కూతురితో మాట్లాడా. నువ్వు వచ్చి కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కిస్తానంటే అడుగుతా.

కృష్ణలంక కుర్రాడు:

ఎక్కిస్తా అన్నా. ఏడాదుల వారీగా వాన లెక్కలు, ఎరువు మోతాదులు ఉంటే మాత్రం పేపరు రాయకుండా వదలను, ఆయన పేరు ముందు పెట్టి.

లాం రోడ్డు:

ఆయన ఒప్పుకోడు. నువ్వు రాయి, ఒప్పించే పని నాది.

నల్లరేగడి రైతు:

నేను సభకి రాను, ముందే చెప్తున్నా. కానీ నా చెరువు కింద ఎకరంన్నర పొలం రిపోర్టు ఉంది. పీహెచ్ 8.9, ఈసీ 0.8. జిప్సం ఎంత వెయ్యాలి? రాసినవాళ్లు మోతాదు రాయలేదు.

లాం రోడ్డు:

ఈసీ తక్కువ, పీహెచ్ ఎక్కువ, కారుచౌడు లక్షణమే. మోతాదు ఆ రెండు అంకెలతో తేలదు. ల్యాబులో జిప్సం అవసరం అని విడిగా పరీక్ష ఉంటుంది, అడిగితేనే చేస్తారు. మట్టి మళ్లీ తీసి పంపండి. మీ పొలం చెరువు కింద కాబట్టి ఈలోగా మురుగు ఎటు పోతుందో చూసుకోండి.

నల్లరేగడి రైతు:

మురుగు పక్కాయన పొలంలోకి పోవాలి, ఆయనకీ నాకూ మాటల్లేవు.

నిజాంపట్నం గాలి:

మరి జిప్సం తర్వాత అన్నా, ముందు ఆయనతో మాట్లాడు.